జానెడు ఎడం



ముందుగాల నా ఇంటి సంగతి ఒకటి చెప్త. పశువుల దవాఖానల కొలువు అయిపోయినంక ఊరికె కూర్చోబుద్ధి గాలేదు. ఇంటెనక దొడ్ల కంజు పిట్టలు పెట్టిన. కొందరు కౌజు పిట్టలంటరు. ఏ పేరుతోని పిలిచినా సరే, ఫారంల పెరిగే ఆ చిన్న పిట్టలే. అరవై తెచ్చిన. ఇనుప జాలితోని మంచి గూడు చేయించిన. చుట్టూర జాలి, పైన జాలి, కింద జాలి. ఎక్కడా ఒక్క కంత లేదు. నా గూడును చూసి నేనే మురిసిన.

ఒకనాడు తెల్లారి పోయి చూస్తే ఏడు పిట్టలు సచ్చి పడి ఉన్నయి. ఏడింటికీ తలకాయలు లేవు. మొండేలు గూట్లనే ఉన్నయి. జాలి తెగలేదు. తలుపు గొళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉన్నది.

మా ఇంటామె ఎవరో ఏదో చేసిండ్రన్నది. పక్కింటి పెద్దమ్మ నిమ్మకాయ కట్టుమన్నది. అబద్ధమెందుకు, పశువుల దవాఖానల పనిచేసిన మనిషినే, నిమ్మకాయ గూడ కట్టిన. మర్నాడు ఇంకో నాలుగు పోయినయి.

మూడో రాత్రి దొడ్ల మంచమేసుకున్న. టార్చిలైటు పక్కన పెట్టుకున్న. రెండు దాటినంక గూటి దిక్కు నుంచి టపటప చప్పుడైంది. లైటు కొట్టిన. గూటి మీద మా గండుపిల్లి. పొద్దుగాల నా చేతులతోని పాలు పోసిన పిల్లే.

అది జాలిని కొరకుతలేదు, గీకుతలేదు. గూటి మీద అటు రెండడుగులు, ఇటు రెండడుగులు నడుస్తున్నది, అంతే. ఆ అడుగుల చప్పుడుకు కింద పిట్టలు బెదురుతున్నయి. బెదిరిన కంజు పిట్ట పక్కకు ఉరకదు. నిట్టనిలువుగ పైకి లేస్తది. లేచి జాలికి కొట్టుకుంటది. జాలి కన్ను ఇంచు వెడల్పు. తలకాయ కన్నుల నుంచి బయటికొస్తది. పిల్లి అక్కడనే కాచుకొని కూర్చున్నది. మొండెం కన్నుల పట్టదు గనుక లోపలనే పడిపోతది.

నేను కట్టింది పిట్ట బయటికి పోకుంట ఆపే జాలి. పిల్లిని దూరం పెట్టే జాలి నేను కట్టనే లేదు. మళ్లొకసారి చెప్త, ఇయ్యాల నేను చెప్పొచ్చిన మాటే ఇది. పిట్టను లోపల ఉంచే జాలి వేరు. పిల్లిని దూరం ఉంచే జాలి వేరు. మనం ఒకటే కట్టి, రెండు పనులూ అయినయనుకుంటం.

మరి పిల్లిని దూరం ఉంచుడెట్ల? మన అమ్మమ్మలు ఎప్పుడో కనిపెట్టిండ్రు. ఇంట్ల ఉట్టి కట్టేది యాదికున్నదా? పాలకుండ, పెరుగుకుండ ఉట్టిల పెట్టేటోళ్లు. ఉట్టికి తాళం లేదు, తలుపు లేదు, జాలి లేదు. అయినా పిల్లికి అందకపోయేది. ఎందుకు? ఉట్టిని గోడకు ఆనిచ్చి కట్టరు. నడిమింట్ల దూలానికి వేలాడదీస్తరు. గోడ నుంచి ఎడం, నేల నుంచి ఎడం. పిల్లికి కుండ కనిపిస్తది, వాసనొస్తది, పంజాకు మాత్రం అందదు. ఆ పిల్లి శాపాలకు ఉట్లు తెగవని సామెత గూడ పుట్టింది.

ఆ ఎడమే కంజుల గూటికి గూడ కావాలె. ఉన్న గూటిని పీకొద్దు, పారేయొద్దు. దాని చుట్టూర జానెడు దూరంల కర్రలు పాతి రెండో జాలి కట్టండి. పక్కలకు జానెడు, పైన గూడ జానెడు. పిల్లి వచ్చి బయటి జాలి మీద ఎక్కుతది. పంజా చాపుతది. పంజాకు గాలే దొరుకుతది. పిట్ట బెదిరి లేచి లోపలి జాలికి కొట్టుకున్నా, దాని తలకాయ పిల్లి నోటికి జానెడు దూరంలనే ఉంటది.

రెండో జాలి ఎట్లాంటిది కావాలె? ఇనుప సామాను దుకాణంల కోళ్ల జాలి అని అడిగితే ఆరు మూలల కన్నులున్న సన్నతీగ జాలి ఇస్తరు. అది కోడిని ఆపుతది గని కుక్కను ఆపదు. ఊరకుక్క పండ్లతోని పట్టి గుంజితే అల్లిక ఊడొస్తది. బయటికి కట్టేది వెల్డింగు జాలి అయి ఉండాలె, అతుకులన్నీ అంటించి ఉండాలె. కన్ను అర ఇంచు ఉంటే పిల్లి పంజానే దూరదు. పైసలు తక్కువున్నోళ్లు కిందికెల్లి రెండు ఫీట్ల దాకనన్న అర ఇంచుది కట్టి, ఆ పైన, నెత్తిమీద ఇంచుది కట్టుకోవచ్చు. ఇంకోమాట. దుకాణపాయన తీగకు గేజీ నెంబరు చెప్తడు. నెంబరు పెద్దగుంటే తీగ లావుంటదని మనమనుకుంటం. ఉల్టా. నెంబరు పెరిగినకొద్దీ తీగ సన్నమైతది.

జాలి కొనే స్తోమత లేదనేటోళ్లున్నరు. నిజమే. వాళ్లు పత్తికట్టె తడక కట్టుకోవచ్చు, వెదురు తడక కట్టుకోవచ్చు. తడకకూ గూటికీ నడుమ జానెడు సందు వదిలితే చాలు. సామాను మారినా పర్వాలేదు గని ఎడం తగ్గొద్దు.

చలికాలం వచ్చిందంటే ఇంకో తప్పు చేస్తం. నేనూ చేసిన. తెలంగాణల చలి ఎక్కడ ఎక్కువంటే ముందుగాల ఆదిలాబాద్ పేరే వస్తది. పిట్టలకు చలి పెడుతదని గూటికి గోనెపట్టాలు చుడ్తం. లోపల వెచ్చగుంటది గనుక పిట్టలన్నీ పోయి ఆ పట్టాకే ఆనుకొని పండుకుంటయి. పిల్లికి పిట్ట కనిపించదు గని పట్టా మీద ఉబ్బెత్తుగ తెలుస్తది. పట్టా మీదికెల్లే గోర్లు దింపుతది. అందుకని పట్టాలు లోపలి గూటికి చుట్టకండి. బయటి జాలికి కట్టండి. గాలి అక్కడ ఆగుతది. ఎండాకాలం వాటిని విప్పేస్తే రెండు జాలీల నుంచీ గాలి ఆడుతది.

గూడు నేల మీద ఉన్నోళ్లకు కింది దిక్కు బాధ ఎక్కువ. కుక్క, నక్క, ముంగిస జాలి మొదట్లనే తవ్వుతయి. గోడ ఎక్కడ నేలను తాకుతదో సరిగ్గ అక్కడనే కాళ్లతోని గీకుతయి. జాలిని మూరెడు లోతు పాతిపెట్టాలంటే మన రేగడి నేలల కష్టం, గుట్ట నేలల అయితే ఇంకా కష్టం. దానికి సులువున్నది. గడప ముందట కాళ్లపట్టా పరుస్తం గద? అట్లనే జాలిని గూటి నుంచి బయటి దిక్కు నేల మీద మూరన్నర వెడల్పు పరిచి, పైన రాళ్లు పెట్టండి. కుక్క వస్తది, మొదట్ల గీకుతది, కాలి కింద జాలి తగులుతది. మూరన్నర ఎనుకకు పోయి అక్కడికెల్లి తవ్వుకుంట రావాలన్న ఉపాయం దానికి తోచదు. కొద్దిసేపు చూసి పోతది.

ఇప్పుడు పిట్టల సంగతి కొంచెం. మన చేన్లల్ల, బీళ్లల్ల తిరిగే అడవి కంజులను, కౌజులను పట్టి గూట్ల పెట్టుడు నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసైతది. ఫారంల సాదేది జపాన్ జాతి. 1974ల కాలిఫోర్నియా నుంచి మన దేశానికి తెచ్చిండ్రు. బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌ల ఉన్న కేంద్ర పక్షి పరిశోధన సంస్థ వాటిని మన వాతావరణానికి తగ్గట్టు పెంచి రైతులకిచ్చింది. గుడ్లు పొదగబెట్టినంక పదిహేడు పద్దెనిమిది రోజులల్ల పిల్ల బయటికొస్తది. ఐదు వారాలల్ల రెండువందల గ్రాముల దాక తూగుతది. అప్పుడే పుట్టిన పిల్ల అయితే మరీ చిన్నగుంటది, ఇంచు కన్నుల నుంచి సులువుగ బయటికి జారుతది. పిల్లల గూటికి అర ఇంచు కన్ను గూడ పెద్దదే, పావు ఇంచుది కావాలె.

తరతరాలు మనుషుల చేతిల పెరిగినా ఈ పిట్ట బెదురు పోలేదు. భయమైతే ఇప్పటికీ నిలువుగనే లేస్తది. అందుకని గూటి ఎత్తు ఫీటుకు మించనీయొద్దు. నడుమంతరం ఎత్తుంటే పైకి లేచే జోరు మీద నెత్తి పగులుతది. పిల్లి ముట్టకుంటనే పిట్ట సస్తది. పెద్ద ఎత్తు గూడు ఉన్నోళ్లు పైకప్పు కింద మెత్తటి నూలు వల వదులుగ కట్టుకోవచ్చు.

పొద్దుగాల గూటి కాడ ఏం కనిపించిందో దాన్ని బట్టి రాత్రి ఎవరొచ్చిండ్రో కొంత చెప్పొచ్చు. తలకాయ లేని మొండెం లోపలనే ఉంటే బయటికెల్లి పిల్లి గని, పునుగుపిల్లి గని, గుడ్లగూబ గని పట్టింది. కాళ్లు తెగి ఉంటే గూటి కింద నుంచి ఎలుకో పందికొక్కో కొరికింది. పిట్ట మొత్తానికే మాయమై రెండు ఈకలే మిగిలితే తలుపు దిక్కు చూసుకోండి. పదీ పదిహేను మెడల కొరికి, తినకుంట పడేసిపోతే ముంగిసను అనుమానించాలె.

ముంగిస రాత్రి జీవి కాదు, పట్టపగలు వస్తది. దీని మీద ఒక కథ ఉన్నది. జమైకా దీవిల చెరుకు తోటలను ఎలుకలు తింటున్నయని 1872ల కలకత్తా నుంచి ముంగిసలను ఓడల తీస్కపోయిండ్రు. పదకొండేండ్లకు అక్కడికెల్లి హవాయి దీవులకు తీస్కపోయిండ్రు. ఎలుకలు రాత్రి తిరుగుతయి, ముంగిసలు పగలు తిరుగుతయి. రెండూ ఎదురుపడేదే తక్కువ. ముంగిసలేమో నేల మీద గూడు కట్టే పిట్టల గుడ్లు, పిల్లలు తినుడు వెట్టినయి. ఇప్పటికీ హవాయి వాళ్లు ఆ బాధ పడుతనే ఉన్నరు. మనకు దీనితోని పనేమంటే, రాత్రి గొళ్లెం పెట్టి పగలు గూటి తలుపు బార్ల తెరిచి చేనుకు పోయేటోళ్లు ఆ ఒక్క జీవి కోసమన్న పగలు గూడ తలుపెయ్యాలె.

పాము సంగతి. ఇంచు కన్నుల నుంచి పాము సన్నగ వస్తది. గుడ్లు మింగుతది. కడుపు ఉబ్బుతది. వచ్చిన కన్నుల నుంచి పోలేక గూటి మూలకు చుట్ట చుట్టుకొని పండుకుంటది. తెల్లారి మనం గుడ్లు ఏరుదామని చూడకుంట చెయ్యి పెడ్తం. చెయ్యి పెట్టేముందు కండ్లు పెట్టండి. జెర్రిపోతు అయితే విషం లేదు, పొలంల ఎలుకలను తినే దోస్తు. నాగుపామైతే పాములు పట్టేటోళ్లకు గని అటవీశాఖోళ్లకు గని కబురు చెయ్యండి.

పిట్టలు లేవు, మాకు నాటుకోళ్లే ఉన్నయి అనేటోళ్లకు గూడ ఇదే ఉపాయం పనికొస్తది. పొద్దుగూకంగనే మన ఊర్లల్ల వినిపించే మాటే గద, కోళ్లను కమ్మినవా అని. పిల్లల కోడిని గంప కింద కమ్ముతం. గంప అల్లికల సందులుంటయి. పిల్లి సందుల పంజా పెట్టి కోడిపిల్లను గుంజుతది. కుక్క అయితే మూతితోని గంపనే బోర్ల దొబ్బుతది. దీనికి నేను చూసిన మందు ఒకటే. చిన్నగంప మీద పెద్దగంప కమ్మి, పైన బరువైన రాయి పెట్టుడు. రెండు గంపల నడుమ జానెడు ఎడం దానంతటదే వస్తది. ఆదిలాబాద్ దిక్కు కొలాం ఆదివాసుల చేతి వెదురు గంప అయితే ఏండ్లకేండ్లు వంగదు, కుంగదు.

ఇంటి ముందట విడిచిపెట్టి సాదేటోళ్లు వనరాజా జాతి పెట్టుకుంటే కొంత నయం. రాజేంద్రనగర్‌ల ఉన్న కోళ్ల పరిశోధన సంచాలనాలయం తయారుచేసిన జాతి అది. రంగురంగుల ఈకలు, పొడుగు కాళ్లు. పిల్లో కుక్కో వెంటపడితే ఆ పొడుగు కాళ్లతోని ఉరికి తప్పించుకుంటది. ఫారం తెల్లకోడిని వాకిట్ల విడిచి చూడండి, నాలుగంగలు వేసేసరికే దొరికిపోతది.

గిన్నీకోళ్లు మంచి కావలి కాస్తయని విన్నరు కావచ్చు. పగలు నిజమే. గద్ద నీడ పడ్డా, కొత్త మనిషి వచ్చినా వాడకట్టంతా లేచేటట్టు అరుస్తయి. రాత్రి మాత్రం చెట్టెక్కి కూర్చుంటయి, అక్కడ మానుపిల్లికో గుడ్లగూబకో దొరుకుతయి. పెట్ట అయితే ఇంకా మొండిది. ఎక్కడో పొదల గుడ్లు పెట్టి, ఇరవయ్యారు నుంచి ఇరవయ్యెనిమిది రాత్రులు నేల మీదనే పొదుగుతది. అన్ని రాత్రులు నక్కకూ, అడవిపిల్లికీ కనబడకుంట ఉండుడంటే అదృష్టమే. గుడ్లు తెచ్చి నాటుకోడి పెట్ట కింద పెట్టండి. పెద్దవాటిని పిల్లలప్పటి సంది పొద్దుగూకే యాళ్లకు డబ్బా చప్పుడు చేసి, గూట్లనే దాణా వేస్తే, ఆ చప్పుడుకే ఇంటికొచ్చుడు అలవాటైతది.

గూటి చుట్టూర రాలిన దాణాను పొద్దుగూకముందే ఊడ్వండి. దాణా కోసం ఎలుకలొస్తయి. ఎలుకల కోసం పిల్లులు, పాములొస్తయి. సచ్చిన పిట్టలను పెంటకుప్ప మీద పారేయొద్దు. పెంట మీద కంజు పిట్ట రుచి మరిగిన కుక్క దాని తావు ఎతుక్కుంట మీ ఇంటికే వస్తది. లోతుగ గుంత తీసి, సున్నం జల్లి పూడ్చండి.

ఇక కోతులు. నిర్మల్ దగ్గర గండిరామన్న అడవిల 2020ల కోతుల కోసం పునరావాస కేంద్రమే పెట్టిండ్రంటే ఈ దిక్కు వాటి బాధ ఎంతున్నదో అర్థం చేసుకోవచ్చు. కోతికి గొళ్లెం తీసుడొస్తది. గొళ్లానికి చీల గుచ్చి, ఆ చీలకు తీగ చుట్టండి. రెండు పనులు ఒక్కపారి చేసే ఓపిక దానికి సాలదు.

కోపం మీద కొందరు చేసే పనుల గురించి గూడ చెప్పాలె. జన్నారం, కడెం, ఉట్నూరు దిక్కు ఊర్లకు అడవి ఆనుకునే ఉంటది. 2012ల కవ్వాల్ అడవి పులుల రిజర్వు అయింది. అందరికీ పులి భయమే గని పిట్టల గూటి కాడికి పులి రాదు. వచ్చేది అడవిపిల్లి, పునుగుపిల్లి, ముంగిస, ఉడుము. వీటన్నిటికీ చట్టం కాపుదల ఉన్నది. ఉచ్చు పెట్టినా, సంపినా నేరం. గూటి చుట్టూర కరెంటు తీగ పెట్టుడు ఇంకా ఘోరం. పంది కోసం పెట్టిన తీగకు మనుషులే పోయిన వార్తలు మనం వింటనే ఉన్నం. దొడ్లకు రాత్రి వచ్చేది పిల్లే కావాలని ఏమున్నది, చెంబు పట్టుకొని మీ ఇంటి పిలగాడే రావచ్చు.

విషం అయితే ఒక్క జీవితోని ఆగదు. విషం పెట్టిన మాంసం పిల్లి తింటది, సచ్చిన పిల్లిని కుక్క తింటది, కుక్క కళేబరం మీద పక్షులు వాలుతయి. బెజ్జూరు అడవిల పాలరాపు గుట్ట మీద కొన్నేండ్ల కింద రాబందులు గూళ్లు కట్టుకున్నయి. దేశంలనే అరుదైపోయిన పక్షులవి. ఒక కంజు పిట్ట కోసం పెట్టిన ముద్ద ఎక్కడిదాక పోతదో చూడండి.

మా గండుపిల్లిని నేను కొట్టలేదు, ఎల్లగొట్టలేదు. రెండో జాలి కట్టిన రాత్రి మళ్ల దొడ్లనే పండుకున్న, చూద్దామని. వచ్చింది. జాలి ఎక్కింది. అటిటు నడిచింది. పిట్టలు కొద్దిసేపు టపటపలాడినయి. పంజా చాపింది, మళ్ల చాపింది. అటెనక గూటి మీదనే కూర్చొని మూతి నాకుకున్నది. అట్ల నెలరోజులొచ్చింది. ఇప్పుడు పిట్టలు గూడ దాన్ని లెక్కజేస్తలేవు, అది పైన నిద్రపోతది, ఇవి కింద నిద్రపోతయి. పాలు మాత్రం పొద్దుగాల ఇంకా నేనే పోస్తున్న.

ఇప్పుడు పొద్దుగూకింది. ఒక్కసారి లేచి గూటి కాడికి పోయి, జాలి కన్నుల రెండేళ్లు పెట్టి చూడండి, లోపలి పిట్ట మీ వేలికి ఎంత దూరంల ఉన్నదో.